ఊపి చూడు

ముప్పై ఒక్కేళ్ళు టాలిన్ పోస్టాఫీసు సార్టింగులో
రాత్రి డ్యూటీ చేశాను. నా పేరు ఆర్వో.
డబ్బాలు విసిరేవాణ్ణి.
కాగితాల మీద నా పనికి ఇంకో పేరుండేది.
బెల్టు ఆగదు, సంచీ ఆరడుగుల అవతల,
ఒక్కోటీ నడిచెళ్ళి పెడితే తెల్లారిపోతుంది.

మా చెల్లెలి కూతురు కైరిత్
విల్యాండిలో, ఆవిరిస్నానాల గది పక్కన కొట్టంలో
మట్టి కప్పులు చేసి ఆన్‌లైన్లో అమ్ముతుంది.
మొదటి నెల ఇరవై పంపింది.
ఆరు, ఫోటోల్లో ముక్కలై తిరిగొచ్చాయి.
"మామయ్యా, అసలు వాళ్ళేం చేస్తారు వీటిని?"
వాళ్ళు, అంది.
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

చెప్పాను, చెప్పగలిగినంత.
ఎర్ర స్టిక్కరు మీద పగిలిన గ్లాసు బొమ్మ ఉంటుందే,
రాత్రి మూడింటికి దాన్నెవరూ చదవరు.
డబ్బాకి పైన, కింద అని ఉండదమ్మా,
ఆరు ముఖాలూ ఏదో ఒక పూట నేల చూస్తాయి.
ముందు పిడికి చుట్టు, తర్వాతే కప్పుకి.
కప్పు లోపల కూడా కాగితం కుక్కు,
ఖాళీ కడుపుతో దూరప్రయాణం మంచిది కాదు.
దాన్ని చిన్న డబ్బాలో, ఆ డబ్బాని
కడుపులో పెట్టుకునేంత పెద్ద డబ్బాలో.
మధ్యలో నాలుగు వేళ్ళ మందం పాత పేపరు.
రంపపు పొట్టొద్దు, జారి ఒక మూలకి చేరుతుంది.
పేపరు ఇస్త్రీ బట్టలా మడవకు,
ఎవరిమీదో కోపమొచ్చినట్టు నలుపు.
ఇక చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడు.
లోపలినుంచి మాట వినపడిందా,
విప్పి మళ్ళీ కట్టు.

"ఇప్పుడు పడెయ్యి," అంది మేడమెట్లు చూపించి.
"నువ్వు పడేసేటట్టే."
రిటైరై తొమ్మిదేళ్ళు.
భుజం మర్చిపోలేదు, దొంగముండది.
డబ్బా పదకొండు మెట్లూ దొర్లి
కిందున్న పాలక్యానుకి కొట్టుకుని ఆగింది.
కైరిత్ పరిగెత్తి విప్పింది, కప్పు బయటికి తీసి
గోటితో మీటింది, టింగుమంది.
ఆమె నవ్వుతుంటే నేను మెట్టు మీద కూర్చున్నాను.

ఒక డిసెంబరు. పెన్సిలుతో రాసిన చిరునామా,
అక్షరాలు చిన్నపిల్లవి, ఊరి పేరు మాత్రం
ఎవరో పెద్దవాళ్ళు మళ్ళీ దిద్దారు.
విసిరాను. సంచీ అంచుకి తగిలి పడింది.
ఎత్తితే అరచెయ్యి తడిసింది,
కోరింద పళ్ళ జామ్ వాసన.
చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని
దాన్ని సంచీలో వేశాను.
బెల్టు మీద తర్వాతది వచ్చేసింది మరి.
ఇది కైరిత్‌కి చెప్పలేదు.

చలికి టేపు అంటుకోదు.
రోలుని పొయ్యి పక్కన కాసేపు కాచుకోనివ్వాలి.
చివర మడిచి చిన్న నాలుకలా వదిలేస్తాను,
తెరిచేవాళ్ళ వేళ్ళు ఎలాంటివో మనకేం తెలుసు.
చాకులూ కత్తెరలూ వెతుక్కునే పనుండకూడదు.

నార్వా నుంచి జినాయిదా అనే ఆవిడ రాసింది:
కప్పు క్షేమంగా చేరింది.
మూడోరోజు మా పిల్లి బల్ల మీంచి తోసేసింది.
ఇంకోటి పంపండి. డబ్బా మాత్రం అదే సైజుది కావాలి,
మొదటిది పిల్లి తీసేసుకుంది,
దానికి తోడుగా ఇంకో పిల్లి వచ్చింది.

కైరిత్ ఆ ఉత్తరం గోడకి మేకు కొట్టి పెట్టింది.

డబ్బా మీద పంపేవారి పేరు కైరిత్‌దే.
కట్టేటప్పుడు మాత్రం నా కళ్ళముందు ఒక్కడే ఉంటాడు,
ఇరవై ఎనిమిదేళ్ళవాడు, నిద్ర ముంచుకొస్తున్నవాడు,
మంచి బలమైన భుజం.
వాడి చేతుల్లో పడినా ఇది బతకాలి.
అందుకని ఇంకో పొర.
"కాగితం దండగ మామయ్యా" అంటుంది,
అననీ.

రేపటికి పదకొండున్నాయి, ఒకటి బెర్గెన్‌కి.
రోలు పొయ్యి పక్కన పెట్టి పడుకోవాలి.